కవరు మీది పేరు, లోపలి ఛాతీ

స్కానింగ్ గదుల్లో కొత్తగా చేరుతున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. ముప్పై ఏళ్లకు పైగా ఎక్స్‌రేలు, సీటీ స్కాన్లు తీసి, రిటైరై ఇంటికి వచ్చినవాణ్ని. ఇంటికి వచ్చినవాడు ఊరికే ఉండడు, ఎవరికో ఒకరికి ఏదో ఒకటి చెప్పాలని చూస్తాడు. మా ఆవిడ వినదు కాబట్టి మీరు దొరికారు. గొప్ప కేసు చెబుతానని ఆశపడకండి. ఇది నాకే సగం అర్థం కాని సంగతి. రాస్తే మిగతా సగం తెలుస్తుందేమోనని మొదలుపెట్టాను.

నేను పనిచేసింది నిజామాబాద్‌లో ఒక ప్రైవేటు స్కానింగ్ సెంటరు. అంతకుముందు అదే యజమాని బస్టాండు దగ్గర ఒక చిన్న ఎక్స్‌రే గది నడిపేవాడు. అందులో ఇద్దరం టెక్నీషియన్లం ఉండేవాళ్లం. పెద్ద సెంటరు కట్టాక ఆ గది మూసేసి, అక్కడి పాత ఫిల్ములన్నీ మూటలు కట్టి ఇక్కడ మెట్ల కింది అరలో పడేశారు. నా జోడీగా పనిచేసిన ఆయన అప్పటికే పని మానేసి ఊరికి వెళ్లిపోయాడు.

నా ఉద్యోగం చివరి మూడేళ్లలో సెంటరుకు డ్యూయల్ ఎనర్జీ సీటీ మిషను వచ్చింది. మామూలు సీటీ ఒకే బలమున్న కిరణాలతో బొమ్మ తీస్తుంది. ఇది అదే ఛాతీని, అదే ఊపిరిలో, తక్కువ బలంతోనూ ఎక్కువ బలంతోనూ చూస్తుంది. ఎముకలోని సున్నం ఒక తీరుగా, బొమ్మ తేటపడాలని నరంలోకి ఎక్కించే అయోడిన్ మందు ఇంకో తీరుగా, మెత్తటి కండ మరో తీరుగా ఆ రెండు చూపులకూ జవాబిస్తాయి. మన మార్కెట్ యార్డులో పసుపును జల్లెళ్లలో పోసి పొడుగు కొమ్ముల కాడి వేరు, గుండ్రటి గోళ వేరు, నలిగిన చూర వేరు చేసినట్టు కంప్యూటరు వాటిని వేరుచేసి చూపిస్తుంది. ఎముకలు తీసేసిన బొమ్మ ఒకటి, ఎముకలు మాత్రమే మిగిలిన బొమ్మ ఒకటి, మందు పట్టిన చోట్లు నారింజ రంగులో వెలిగే బొమ్మ ఒకటి, మందు అసలు ఎక్కించనే లేదన్నట్టు లెక్కకట్టి ఇచ్చే బొమ్మ ఇంకొకటి. ఒక్క మనిషికి ఇన్ని ఛాతీలా అని నాకు తల తిరిగేది. నేర్పడానికి కంపెనీ పంపిన ఇంజనీరు హిందీలో గడగడా చెప్పేసి వారం తిరక్కుండానే వెళ్లిపోయాడు. నేను బటన్ల పేర్లు చిట్టీల మీద తెలుగులో రాసి స్క్రీను అంచున అంటించుకున్నాను. వాటిలో సగం తప్పు చోట అంటించానని తర్వాత తెలిసింది.

అయినా మిషను మంచిదే, లేనిపోని మాట ఎందుకు? ఊపిరితిత్తుల్లో వచ్చే చిన్న గడ్డలను మేం నోడ్యూల్స్ అంటాం. బఠాణీ గింజంత ఉంటాయి. రక్తనాళాల మధ్య, పక్కటెముకల మొనల పక్కన అవి కలిసిపోయి కంటికి దొరికేవి కావు. ఈ మిషనులో ఎముకను పక్కకు తీస్తే అవి అక్కడే మిగిలిపోయి కనపడేవి. మొదటి నెలల్లోనే రెండు మూడు అలా దొరికాయి. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు నేను జ్వరమని వచ్చినవాడి ఛాతీని కూడా గడ్డ కోసం వెతికేవాణ్ని.

రిపోర్టులు రాసే మా డాక్టరమ్మ బోధన్ దగ్గర కాలువ కింద చెరుకు పండించిన ఒక క్యాంపులో పుట్టింది. తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. మాట మెత్తన, పని గట్టి. ఆమె నియమం ఒకటుంది. ఛాతీలో గడ్డ అనుమానం ఉంటే ముందు మందు లేకుండా ఒక సాదా స్కాను తీయాలి, తర్వాతే మందు ఎక్కించి ఇంకొకటి. గడ్డలో సున్నం పేరుకుని ఉంటే సాదా స్కానులో తెల్లగా తెలుస్తుంది. అది చాలావరకు పాత టీబీ మచ్చ, భయం తక్కువ. సున్నం లేకుండా మందు పట్టి వెలిగితే భయం ఎక్కువ. కంపెనీ ఇంజనీరేమో సాదా స్కాను దండగ, మిషనే లెక్కకట్టి ఇస్తుందని చెప్పిపోయాడు. "ఇస్తే ఇవ్వనీండి అన్నా, మనం మాత్రం తీద్దాం" అంది డాక్టరమ్మ.

ఆ రోజు నేను తీయలేదు. బయట బెంచీ మీద నలుగురు కూర్చుని ఉన్నారు, ఒకావిడ అప్పటికే రెండుసార్లు తలుపు తీసి తొంగిచూసింది. మిషను లెక్కకడుతుంది కదా అనుకున్నాను. ఇంతకుమించి కారణం ఏమీ లేదు.

వచ్చిన మనిషిది బోధన్ అవతలి ఊరు. నలభై ఐదేళ్లు ఉంటాయి. చక్కెర ఫ్యాక్టరీ నడిచినన్నాళ్లు అందులో చెరుకు పిప్పి ఎత్తేవాడు. అది మూతపడ్డాక గల్ఫ్ పోయాడు. సెలవు మీద వచ్చాడు, వచ్చినప్పటినుంచి దగ్గు తగ్గడం లేదు, బోధన్ డాక్టరు స్కాను రాసిచ్చాడు. వెంట తమ్ముడు వచ్చాడు. ఫారం నింపుతూ నేను ఎప్పుడూ అడిగేదే అడిగాను.

"ఇంతకుముందు ఏమన్న బీమారి ఉండెనా? టీబీ అసొంటిది?"

"ఏం లే సార్. గీ దగ్గొక్కటే."

తమ్ముడు గోడ మీది క్యాలెండరు చదువుతున్నాడు. అది కిందటి నెలది. నేను పట్టించుకోలేదు.

కుడి ఊపిరితిత్తి పైకొసన, మొదటి పక్కటెముక మొనకు ఆనుకుని గడ్డ ఉంది. మామూలు బొమ్మలో అది ఎముక కొసే అనిపించింది. ఎముకలు తీసేస్తే మిగిలిపోయింది. రంగు బొమ్మలో లేత నారింజగా వెలిగింది. ఎముకల బొమ్మలో కూడా ఆ చోట పిండి రాలినట్టు రవ్వంత కనపడింది గానీ, అది పక్కటెముక తునకే అనుకున్నాం. గడ్డ దొరికిందని నేను మురిసిపోయాను. ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది. ఎదుటి మనిషి ఛాతీలో గడ్డ ఉంటే మురవడం ఏమిటి? కానీ మురిసిన మాట నిజం.

"పాత ఫిల్ము ఏదైనా ఉందేమో అడగండి అన్నా" అంది డాక్టరమ్మ. "ఇదివరకే ఉన్నదైతే ఒక లెక్క, ఈమధ్య వచ్చిందైతే ఇంకో లెక్క."

అడిగితే ఆ మనిషి ఏమీ లేదన్నాడు. నేను ఊరుకున్నానా? మెట్ల కింద దూరాను. గల్ఫ్ పోయేవాళ్లను ఏజెంట్లు ముందు మా బస్టాండు గదికే పంపేవాళ్లు. హైదరాబాద్‌లో అసలు మెడికల్‌కు తీసుకుపోకముందు అది వాళ్ల సొంత వడపోత. ఛాతీ శుభ్రంగా ఉందని ఫిల్ము చూపిస్తేనే పాస్‌పోర్టు ముందుకు కదిలేది. ఈయన కూడా ఆ దారినే పోయి ఉంటాడని నా ఊహ. అరగంటలో కవరు దొరికింది. ఆయన పేరు, తండ్రి పేరు, ఊరు, అన్నీ సరిపోయాయి. ఏడెనిమిదేళ్ల కిందటిది. దుమ్ము దులిపి తెచ్చి లైటు పెట్టె మీద పెడితే ఊపిరితిత్తులు రెండూ కడిగిన పళ్లెంలా ఉన్నాయి. పైకొసన ఏమీ లేదు.

డాక్టరమ్మ ఫిల్ము వదిలి స్క్రీను వైపు తిరిగింది. తర్వాత "సాదా స్కాను ఏదీ?" అంది.

"మిషను లెక్కకట్టింది ఉంది మేడం" అన్నాను.

నా వైపు ఒకసారి చూసి, ఉన్నదానితోనే రిపోర్టు రాసింది. పాత ఫిల్ములో గడ్డ లేదు, ఈ ఏళ్లలో కొత్తగా వచ్చింది, మందు పట్టి వెలుగుతోంది, సున్నం కనపడలేదు, క్యాన్సరు అనుమానించాలి. నేను తవ్వితెచ్చిన ఫిల్మే అందులో అన్నిటికంటే బలమైన సాక్ష్యం. హైదరాబాద్ డాక్టర్లు ఆ రిపోర్టు చూసి, అంత లోపలికి సూది పెట్టడం కష్టం, ఛాతీ తెరిచి ఆ భాగం తీసేద్దామన్నారు. పై గురువారానికి ఆపరేషను పెట్టారు. సీడీ తీసుకుపోవడానికి వచ్చిన తమ్ముడు నాకీ సంగతి చెప్పి, మెట్లు దిగుతూ రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు.

శనివారం మధ్యాహ్నం పని తక్కువగా ఉంది. డాక్టరమ్మ వాళ్ల క్యాంపుకు వెళ్లింది. నేను మిషను నేర్చుకునే పనిలో పడి ఆయన బొమ్మలే తెరిచాను. నేను కనిపెట్టిన గడ్డ కదా, అదో మమకారం. ఎముకల బొమ్మను గుండ్రంగా తిప్పడం సాధన చేస్తున్నాను. పక్కటెముకలు, వెన్ను, మెడ కింద రెండు వైపులా భుజాల దాకా పోయే కాలర్‌బోన్లు, అన్నీ బడిలో పెట్టిన అస్థిపంజరంలా తిరుగుతున్నాయి. పాత ఫిల్ము ఇంకా లైటు పెట్టె మీదే ఉంది. దానికీ దీనికీ పోలిక చూద్దామని లైటు వేశాను.

ఫిల్ములో ఎడమ కాలర్‌బోను నడిమధ్యలో బుడిపె ఉంది. ఎప్పుడో విరిగి, ఒక ముక్క మీదికి ఇంకో ముక్క ఎక్కి, అలాగే అతుక్కుపోయిన ఎముక. స్క్రీను మీద ఎడమ కాలర్‌బోను నున్నగా ఉంది.

ఫిల్మును తిరగేసి పెట్టానేమో అనుకుని మళ్లీ తిప్పి పెట్టాను. అప్పుడు బుడిపె కుడివైపుకు వచ్చింది. స్క్రీను మీద కుడిదీ నున్నగానే ఉంది. మిషను నున్నగా చేసి చూపుతోందా? ఇన్ని లెక్కలు కట్టేది బుడిపెను కూడా లెక్కలోంచి తీసేసిందా? మామూలు బొమ్మలు తెరిచి ముక్క ముక్కా చూశాను. బుడిపె లేదు. ఏడెనిమిదేళ్లలో ఎముక సర్దుకుందేమో అనుకున్నాను. నా కళ్లద్దాలు తుడిచాను. ఆ ఊళ్లో అదే పేరుతో, తండ్రి పేరు కూడా అదే ఉన్న ఇంకో మనిషి ఉన్నాడేమో అని కూడా అనుకున్నాను. నమ్మబుద్ధి కానిది తప్ప అన్నీ అనుకున్నాను. చివరికి మిగిలింది ఒకటే. ఆ ఛాతీ ఈయనది కాదు.

డాక్టరమ్మకు వెంటనే ఫోను చేయాల్సింది. చేయలేదు. ఆ ఫిల్మును పండగలా మోసుకొచ్చింది నేను. బస్టాండు గదిలో దాన్ని తీసింది మా ఇద్దరిలో ఎవరో ఒకరు. ఆ రెండోవాడే తీసి ఉంటాడని నాకు నేను చెప్పుకున్నాను. ఒక సంతకం మిగిలిపోయిందని చెప్పి ఆ మనిషినే సోమవారం పొద్దున రమ్మన్నాను.

అన్నదమ్ములిద్దరూ తొమ్మిదింటికే వచ్చారు. ఎండలో బండి మీద వచ్చారేమో, తమ్ముడు చొక్కా పై గుండీలు విప్పుకుని విసురుకుంటున్నాడు. నేను పెద్దాయనను కూర్చోబెట్టి అడిగాను.

"నీకు ఎన్నడన్న బొక్క ఇరిగిందా? గీ మెడకింది బొక్క?"

"లే సార్. ఒక్కటి గుడ ఇరగలే."

తమ్ముడి చెయ్యి విసరడం ఆగిపోయింది. గుండీ పెట్టుకోబోయాడు గానీ నేను అప్పటికే చూశాను. చర్మం కింద ఎముక ముడి వేసినట్టు పైకి లేచి ఉంది.

"నీకు?" అన్నాను.

తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు. అన్న వైపు చూశాడు. అన్న తల దించుకున్నాడు.

"సెరుకు ట్రాక్టర్ మీదికెల్లి పడ్డ సార్, సిన్నప్పుడు" అన్నాడు తమ్ముడు.

అప్పుడు బయటపడింది. పెద్దాయనకు పెళ్లి కాకముందే టీబీ వచ్చింది, మందులు వాడితే తగ్గింది. ఫ్యాక్టరీలో ఒకసారి డాక్టర్లు వచ్చి అందరి ఛాతీలూ చూసినప్పుడు, పైకొసన మచ్చ ఉంది, పాతదే, ఏం భయం లేదు అన్నారు. ఫ్యాక్టరీ మూతపడి గల్ఫ్ పోదామనుకునేసరికి ఆ మచ్చే భయమైంది. మచ్చ ఉన్నవాడి పాస్‌పోర్టు ఏజెంటు ముట్టుకోడు. అందుకని బస్టాండు గదిలో అన్న పేరు పిలిస్తే తమ్ముడు చొక్కా విప్పి నిలబడ్డాడు.

"మరి హైదరాబాద్‌ల అసలు మెడికల్ ఎట్ల పాసైనవు?" అని పెద్దాయనను అడిగాను.

"గాడ ఏలిముద్రలు అడిగిండ్రు, నేనే నిలబడ్డ సార్. వాళ్లకు కనపడలే. గా దేశంల గుడ కనపడలే."

ఎముకల చాటున ఉన్న మచ్చ. ఒక డాక్టరుకు కనపడింది, పదిమందికి కనపడలేదు. అంటే ఆ రోజు తమ్ముడు నిలబడాల్సిన అవసరమే లేకపోయిందేమో. ఆయనే నిలబడినా ఫిల్ము శుభ్రమనే రాసేవాళ్లేమో. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వాలో ఏడవాలో తెలియదు.

"మొన్న నేను అడిగితె ఎందుకు చెప్పలే? టీబీ ఉండెనా అని అడగలేదా నేను?"

"టీబీ అని కంప్యూటర్ల ఎక్కితె నా వీసా పోతది సార్."

"ఎక్కకపోతె గురువారం నీ రొమ్ము కోస్తరు."

ఆయన నెమ్మదిగా అన్నాడు. "కోయనీయుండ్రి సార్. కోత పడ్డ మనిషి రెండు నెలలకు లేస్తడు. టీబీ పేరు పడ్డోడు మల్ల లేవడు. నాకు ఇద్దరు ఆడివిల్లలు సదువుతున్నరు. మీరు డాక్టరమ్మకు చెప్పకుండ్రి. మీకు దండం పెడ్త."

తమ్ముడు ఏడుస్తున్నాడు. "చెప్పుండ్రి సార్, చెప్పుండ్రి. మా అన్న మాట ఇనకుండ్రి" అంటున్నాడు. అన్న వద్దంటాడు, తమ్ముడు చెప్పమంటాడు. కందకు లేని దురద కత్తిపీటకెందుకని పెద్దలన్నారు. కోయించుకునేవాడే కోయించుకుంటానంటుంటే నాకెందుకు? నోరు మూసుకుంటే నా సాదా స్కాను సంగతి కూడా మూసుకుపోతుంది. ఇంకోవైపు చూస్తే అది నేను తీయని స్కాను, నేను తెచ్చిన ఫిల్ము. వాళ్లను బెంచీ మీద కూర్చోమని చెప్పి లోపలికి పోయాను. నీళ్లు తాగాను. బయటికి వచ్చాను. మళ్లీ లోపలికి పోయాను. ఏది న్యాయమో నాకు ఆ పొద్దు తేలలేదు. డాక్టరమ్మ కారు గేటులోకి వచ్చిన శబ్దం విని, తేలకుండానే లేచాను.

ఆమె చేతిలో సంచి కూడా కింద పెట్టకముందే లైటు పెట్టె దగ్గరికి తీసుకుపోయి బుడిపె చూపించాను, స్క్రీను చూపించాను. తమ్ముడి మాట ఎత్తలేదు.

ఆమె రెండూ మార్చి మార్చి చూసింది. "పెద్దవాళ్లలో ఇలా అతుక్కున్న ఎముక మళ్లీ నున్నగా అవదన్నా."

"కాదు మేడం."

"అయితే ఈ ఫిల్ము ఆయనది కాదు."

"కాదు."

"ఎవరిదో మీకు తెలుసా?"

నేను ఫిల్మును కవరులో పెట్టబోయాను. ఆమె అద్దంలోంచి బయటి బెంచీ వైపు చూసింది. తమ్ముడు మెడ దాకా గుండీలు పెట్టుకుని చెమటలు కక్కుతున్నాడు. చెరుకు ఊళ్లలో పుట్టిన మనిషి, గల్ఫ్ మెడికల్ సంగతులు ఆమెకు ఒకరు చెప్పాలా?

"సరే, నేనడగను" అంది. "సాదా స్కాను మిషను లెక్కకట్టిందన్నారు చూడండి, అది నేను నమ్మడం నాదీ తప్పే. సున్నం కాస్తే ఉంటే ఇది దాన్ని కూడా మందే అనుకుని తీసిపారేస్తుంది. ఆయన్ని లోపల పడుకోబెట్టండి. పైకొస వరకే తీయండి, మొత్తం ఛాతీ అక్కర్లేదు."

పెద్దాయన రానన్నాడు. డాక్టరమ్మే బయటికి వెళ్లి ఆయన పక్కన బెంచీ మీద కూర్చుంది. "మీ రిపోర్టు మీ చేతికి ఇస్తాం, హైదరాబాద్ డాక్టరుకు పంపుతాం. గల్ఫ్ కంపెనీకి మేం పంపం. నేను గడ్డలో ఏముందో రాస్తాను, మీ కథ రాయను. రండి" అంది. ఆయన లేచాడు. నమ్మి లేచాడో, అలసిపోయి లేచాడో నాకు తెలియదు.

సాదా స్కాను తీయడానికి రెండు నిమిషాలు పట్టింది. గడ్డ మధ్యలో సున్నం తెల్లగా, పప్పులో రాయిలా కూర్చుని ఉంది. ఎముకల బొమ్మలో పిండి రాలినట్టు కనపడింది అదే. రంగు బొమ్మలో వెలిగినదాంట్లో ఎంత మందో, ఎంత సున్నమో ఇక ఎవరు చెప్పగలరు? డాక్టరమ్మ పాత రిపోర్టును సరిచేసి, పోల్చిన ఫిల్ము ఈ మనిషిది కాదని, గడ్డలో సున్నం ఉందని, పాత మచ్చ కావచ్చని రాసి, హైదరాబాద్ డాక్టరుకు తనే ఫోను చేసింది. కఫం పరీక్ష చేయించారు, అందులో ఏమీ రాలేదు. ఆపరేషను ఆగింది. మూడు నెలల తర్వాత మళ్లీ స్కాను తీసి చూద్దామన్నారు.

ఆ మూడు నెలలు నాకు అదోలా గడిచాయి. ఒకవేళ పెరిగితే? సున్నం పక్కనే క్యాన్సరు కూడా ఉంటుందని డాక్టరమ్మే ఒకసారి అంది. అప్పుడు నేను కాపాడినట్టా, ఆలస్యం చేసినట్టా? ఆయనేమో సెలవు పొడిగించుకుని, ఎప్పుడు ఏ ఫోను వస్తుందోనని ఊళ్లో కూర్చున్నాడు. నేను ఛాతీ స్కాను తీసిన ప్రతిసారీ మనిషి మొహం, కాగితం మీది పేరు, మళ్లీ మొహం చూడడం మొదలుపెట్టాను. ఒకాయన విసుక్కున్నాడు కూడా. "ఏంది సార్, పెండ్లి సూపులా?" అని.

మూడు నెలలకు ఇద్దరూ వచ్చారు. ముందు సాదా, తర్వాత మందుతో, నియమం ప్రకారం తీశాను. గడ్డ వెంట్రుకవాసి కూడా పెరగలేదు. దగ్గు ఎప్పుడో తగ్గిపోయిందట. డాక్టరమ్మ ఏడాదికి ఒకసారి చూపించుకోమని చెప్పి పంపించింది. తమ్ముడు నా చేతులు పట్టుకుని వదల్లేదు. అన్న మాత్రం చాయ్ తాగుదామని నన్ను గేటు బయటికి తీసుకుపోయాడు.

"సార్, ఒక మాట అడుగుత. మనసుల పెట్టుకోకుండ్రి. గా బస్టాండు కాడి గదిల ఫిల్ము తీసినప్పుడు మీరు మమ్ముల్ని గుర్తుపట్టి ఇడిసిపెట్టిండ్రా?"

"నేనా? నేను తీయలేదు. ఇంకో ఆయన ఉండె, బట్టతల..."

"కాదు సార్, మీరే. నేను మర్సిపోతనా? నా పేరు మీరే పిలిసిండ్రు. నేను లేవబోయి మల్ల గూసున్న, వీడు లేసిండు. మీరు పాస్‌పోర్టు ఫోటో సూసిండ్రు, వీని మొకం సూసిండ్రు, ఇది నువ్వేనా అన్నరు. వీనికి నోరు పెగల్లే.  గప్పుడు మీరే అన్నరు, 'ఎవలైతె ఏంది తియ్, జల్ది నిలబడు, గదుమ లేపు' అని."

నేను చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టాను.

"మీరు కావాల్ననే సాయం చేసిండ్రని మా ఇంట్ల గుడ చెప్పిన సార్. పుణ్యాత్ముడు అన్న" అన్నాడు.

ఆ రోజు నాకు గుర్తు లేదు. ఎంత తలుచుకున్నా ఆ గది, ఆ బల్ల, వరుసలో నిలబడ్డ మగవాళ్లు గుర్తొస్తారు గానీ ఆ ఇద్దరు మొహాలు రావు. కానీ ఆ మాటలు నావే. సీజనులో రోజుకు వందమంది చొక్కాలు విప్పి నిలబడే గదిలో నేను అలాంటి మాటలు ఎన్ని వందలసార్లు అన్నానో. మనిషి మొహమూ ఫోటోలోని మొహమూ కలవడం లేదని చూసి కూడా అన్నానంటే, అది సాయమా, నిర్లక్ష్యమా? సాయమనే ఆ మనిషి నమ్మకం. కాదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. అవునని చెప్పడానికీ రాలేదు. చాయ్ డబ్బులు ఆయనే ఇచ్చాడు. పై వారం గల్ఫ్ వెళ్లిపోయాడు.

నేను దిగిపోయిన రోజు సెంటరులో చిన్న సభ పెట్టారు. డాక్టరమ్మ లేచి ఈ కేసే చెప్పింది. "ఈయన ఆ కాలర్‌బోను చూడకపోయుంటే ఒక మనిషి ఛాతీ అనవసరంగా తెరిచేవాళ్లం. కొత్త మిషను చూడలేనిది ఈయన కళ్లు చూశాయి" అంది. అందరూ చప్పట్లు కొట్టారు. నేను చెప్పేద్దామనే లేచాను. ఇంతలో శాలువా కప్పారు, ఫోటో తీశారు, ఎవరో లడ్డూ నోట్లో పెట్టారు. లడ్డూ మింగేసరికి ధైర్యం కూడా దిగిపోయింది. కూర్చున్నాను. ఆమె ఇది చదివితే ఇప్పుడు తెలుసుకుంటుంది.

ఈమధ్య కోర్సు చదివే పిల్లలకు రెండు మాటలు చెప్పమని ఆమే నన్ను పిలుస్తోంది. డ్యూయల్ ఎనర్జీ బొమ్మలు చూపిస్తాను. మిషను లెక్కను నమ్మి సాదా స్కాను వదిలేసింది నేనేనని చెబుతాను. అది చెప్పడం ఇప్పుడు తేలికే, నలుగురూ చేసే తప్పు. పాత ఫిల్ము చూపించి, పేరు ఒకరిది, ఛాతీ ఒకరిది అని చెబుతాను. పోయిన నెల వెనక బెంచీలో కూర్చున్న ఒక అమ్మాయి, జక్రాన్‌పల్లి నుంచి రోజూ బస్సులో వచ్చే పిల్ల, చెయ్యి ఎత్తింది.

"సార్, మరి ముందుగల్ల మొకం సూడకుండ గా ఫిల్ము తీసిన టెక్నీషియన్‌ను ఏం చేసిండ్రు?"

డాక్టరమ్మ తలుపు దగ్గరే నిలబడి ఉంది.

"రిటైర్ అయిండమ్మా" అన్నాను.